మూడేళ్ల బడిలో ఐదేళ్ల లెక్కలు

కాలిక్యులస్ తరగతిలో కూర్చోవాలంటే ముందు నాలుగు మెట్లు ఎక్కి రావాలి. ఆల్జీబ్రా మొదటి భాగం, జామెట్రీ, ఆల్జీబ్రా రెండో భాగం, ఆపైన ట్రిగనామెట్రీ కలిసిన మ్యాథ్ అనాలిసిస్. అమెరికా హైస్కూలు పద్ధతిలో మెట్టుకో ఏడాది. కాలిక్యులస్‌తో కలిపితే ఐదేళ్లు. లాస్ ఏంజెలెస్ తూర్పు వైపున్న గార్ఫీల్డ్ హైస్కూలు ఆ రోజుల్లో మూడేళ్ల బడి. పది, పదకొండు, పన్నెండు తరగతులే ఉండేవి. అక్కడికి పిల్లల్ని పంపే జూనియర్ హైస్కూళ్లలో లెక్కలంటే కూడికలూ తీసివేతలూ భిన్నాలూ, అక్కడితో సరి. గార్ఫీల్డ్‌లో చేరిన పిల్ల ఏటా లెక్కలు తీసుకుని, ఒక్కసారి కూడా తప్పకుండా గట్టెక్కినా, కాలిక్యులస్ గుమ్మం కనబడేసరికి బడి అయిపోతుంది.

కాగితం మీద తేలని ఈ లెక్కను ఆ బడి తేల్చింది. 1987లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ పరీక్షలో గార్ఫీల్డ్ పిల్లలు 73 మంది ఏబీ స్థాయిలో, ఇంకో 12 మంది అంతకన్నా కష్టమైన బీసీ స్థాయిలో ఉత్తీర్ణులయ్యారు. ఆ ఏడాది దేశం మొత్తంలో ఈ పరీక్ష నెగ్గిన మెక్సికన్ అమెరికన్ పిల్లల్లో నాలుగో వంతుకు పైగా ఈ ఒక్క బడివాళ్లే. పిల్లల్లో ఎక్కువమంది ప్రభుత్వం పెట్టే మధ్యాహ్న భోజనానికి అర్హులైన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. చాలామంది తల్లిదండ్రులు హైస్కూలు దాటలేదు.

ఈ అంకెల గురించి పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది, రాష్ట్రపతి భవనంలాంటి వైట్‌హౌస్ నుంచి పతకమూ వచ్చింది. అందరూ చూసింది ఫలితాన్ని. నాకు మాత్రం దాని కట్టుబడి మీదే మనసు. ఐదేళ్ల పనిని మూడేళ్లలోకి ఎలా ఇమిడ్చారు, ఏ మెట్టు ఎక్కడ వేశారు, ఎవరు మోశారు అన్నది చూస్తుంటే పనితనం తెలిసినవాళ్ల చేయి కనిపిస్తుంది.

ముందు పరీక్ష సంగతి. కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠాన్ని హైస్కూల్లోనే చెప్పి, మే నెలలో దేశమంతటికీ ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు. మార్కులు 1 నుంచి 5 దాకా. 3 వస్తే పాసైనట్టు లెక్క, చాలా కాలేజీలు దానికి క్రెడిట్ ఇస్తాయి. సగం మార్కులకు జవాబు గుర్తిస్తే చాలు, మిగతా సగానికి లెక్క మొత్తం చేసి చూపించాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఈ పరీక్ష పేరు వినని పిల్లలుండరు, అక్కడది ఇంచుమించు ఇంటి ఆచారం. మన ఇంటర్ ఎంపీసీలో మొదటి ఏడాది అవకలనం, రెండో ఏడాది సమాకలనం అంటూ చెప్పే సరుకూ దాదాపు ఇదే. తేడా ఎక్కడంటే, మన దగ్గర ఎంపీసీలో చేరినవాడికి కాలిక్యులస్ తప్పదు. అక్కడ బడి ఆ తరగతి పెడితేనే ఉంటుంది. పేదల పేటల్లోని బళ్లు పెట్టేవి కావు. ఆ పిల్లలకు అంత సీన్ లేదని పెద్దలే ముందుగా తీర్మానించుకునేవారు.

తూర్పు లాస్ ఏంజెలెస్ అలాంటి పేటే. నగరానికి ఆనుకుని ఉన్నా నగరపాలికలో కలవని ప్రాంతం, మెక్సికో మూలాలున్న కుటుంబాలదే అక్కడ మెజారిటీ. 1925లో మొదలైన గార్ఫీల్డ్ ఒకసారి చరిత్రకెక్కింది కూడా. 1968 మార్చిలో ఈ చుట్టుపక్కల బళ్ల పిల్లలు వేలమంది తరగతులు వదిలి వీధిలోకి నడిచారు. మమ్మల్ని చేతిపనుల తరగతుల్లోకి నెట్టకండి, కాలేజీకి పనికొచ్చే చదువు చెప్పండి అన్నది వాళ్ల ముఖ్యమైన కోరికల్లో ఒకటి. ఆ కోరిక తీరలేదు సరికదా, 1970ల నడుమ బడి గుర్తింపే పోయే పరిస్థితి వచ్చింది.

హైమే ఎస్కలాంటే అక్కడికి వచ్చింది 1974లో. బొలీవియాలోని లా పాజ్‌లో 1930లో పుట్టారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పంతుళ్లే. సొంత దేశంలో ఫిజిక్సు, లెక్కలు చెప్పి మంచి పేరు తెచ్చుకున్నాక, 1960ల మొదట్లో అమెరికా చేరారు. చేతిలో ఉన్న పట్టా అక్కడ చెల్లలేదు, ఇంగ్లిషు రాదు. పాసడీనాలో ఒక కాఫీ హోటల్లో నేల తుడిచారు, తర్వాత వంట చేశారు, ఆ తర్వాత ఒక కంప్యూటర్ కంపెనీలో టెక్నీషియన్ అయ్యారు. ఈ పనులు చేసుకుంటూనే మళ్లీ మొదట్నుంచి కాలేజీ చదివి, నలభై దాటాక టీచరు ఉద్యోగం సంపాదించారు. కంప్యూటర్లు చెప్పాలని పిలిచిన బడిలో కంప్యూటర్లే లేవు. బేసిక్ మ్యాథ్ చెప్పమన్నారు. ఆ పుస్తకం తిరగేస్తే బొలీవియాలో ఐదో తరగతి పిల్లలు చేసే లెక్కలున్నాయి. పాత కంపెనీకి ఫోన్ చేసి ఉద్యోగం తిరిగి ఇస్తారా అని అడిగారట. ఆల్జీబ్రా చదువుతామన్న పిల్లలు పన్నెండుమంది దొరికాక ఆగిపోయారు.

అసలు కథకు మొదలు ఆ పన్నెండుమంది ఆల్జీబ్రాయే. ఎస్కలాంటే మొదటి కాలిక్యులస్ తరగతి నడిపింది 1978-79లో. అంటే బడికి వచ్చిన నాలుగేళ్లకు గానీ ఆ పేరుతో తరగతి పెట్టలేదు. పెట్టినప్పుడు కూడా కడదాకా నిలిచి పరీక్ష రాసింది ఐదుగురే. మరుసటేడు తొమ్మిదిమంది రాస్తే ఏడుగురు పాస్. 1981లో పదిహేనుమందికి పద్నాలుగు. 1982లో 18 మంది పాస్. 1983లో 33 మంది రాసి 30 మంది గట్టెక్కారు. అక్కడి నుంచి 1987 దాకా పెరుగుతూనే పోయింది. ఈ వరుసలో ఏ ఏడూ అద్భుతం జరగలేదు. ఏటేటా కింది తరగతుల నుంచి పైకి వచ్చే గుంపు కాస్త పెద్దదైంది, అంతే. నన్ను అడిగితే ఈ అంకెల్లో అందమైనది 73 కాదు, మొదటి ఐదు. ఐదుగురి కోసం తరగతి నడిపి, మూసేయకుండా, రెండో ఏడు మళ్లీ తెరవడానికి ఓపిక కావాలి. హాజరు పట్టీలు చూసి గదులు కేటాయించే ఏ బడి ఆఫీసైనా ఆ ఓపిక పట్టడం అరుదు.

మరి మూడేళ్లలో ఐదు? ఎస్కలాంటే దాన్ని రెండు వైపుల నుంచి కోశారు.

ఒకటి, వేసవి. పక్కనే ఉన్న ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలో ఏడు వారాల చొప్పున సెలవుల తరగతులు పెట్టించారు. జామెట్రీయో, ఆల్జీబ్రా రెండో భాగమో, ట్రిగనామెట్రీయో ఏడాదంతా నానుతూ సాగే పాఠాన్ని ఏడు వారాల్లో ఏకబిగిన చెప్పడం. పిల్ల ఒక వేసవిలో ఒక మెట్టు ఎక్కితే మూడేళ్ల బడి నాలుగేళ్ల బడి అయినట్టే, రెండు వేసవులు వస్తే ఐదు. విడిగా చూస్తే ఇది సెలవుల ట్యూషన్‌లా కనిపిస్తుంది. కానీ ట్యూషన్ బడిలో చెప్పిందే మళ్లీ చెబుతుంది, ఇది బడి టైంటేబుల్లో పట్టని మెట్టును బయట కట్టి లోపల అతికించింది. కాలేజీ ఆవరణలో, కాలేజీ బెంచీల మీద కూర్చోవడం కూడా తక్కువ సంగతి కాదు. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లకు ఆ గేటు దాటడం అలవాటైపోయింది.

రెండోది, కింది బళ్లు. పిల్లలు గార్ఫీల్డ్‌కి వచ్చేముందే, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ఆల్జీబ్రా మొదలెట్టమని జూనియర్ హైస్కూళ్లను ఒప్పించారు. చెప్పడానికి ఒక్క వాక్యమే గానీ, దీనికి పట్టే తిప్పలు బడి వ్యవహారాలు తెలిసినవాళ్లకే తెలుస్తాయి. ఆ బళ్లు ఆయన చేతిలో లేవు, అక్కడి టీచర్లు ఆయన మాట వినాల్సిన పని లేదు. ఇక్కడే రెండో మనిషి పేరు చెప్పాలి. 1981 నుంచి 1987 దాకా గార్ఫీల్డ్ ప్రిన్సిపాల్‌గా ఉన్న హెన్రీ గ్రదియాస్.

గ్రదియాస్ రాకముందు ఎస్కలాంటేకు పైవాళ్లతో పొసగలేదు. మరీ పొద్దున్నే బడికి వస్తున్నాడని, మరీ పొద్దుపోయాక వెళ్తున్నాడని, పిల్లల పరీక్ష ఫీజు కోసం అనుమతి లేకుండా చందాలు పోగు చేస్తున్నాడని ఒక అసిస్టెంట్ ప్రిన్సిపాల్ ఉద్యోగం ఊడగొడతానని బెదిరించాడు. గ్రదియాస్ వచ్చాక గాలి మారింది. ఆయన బేసిక్ మ్యాథ్ తరగతులు తగ్గించేశారు. ఉన్నవాటిలో చేరినవాళ్లు కూడా పక్కనే ఆల్జీబ్రా తీసుకోవాల్సిందే అన్నారు. సగటున సీ గ్రేడు రాని పిల్లలకు ఆటలు, క్లబ్బులు బంద్. ఎస్కలాంటేకు కింది తరగతుల లెక్కల టీచర్లను ఎంచుకునే వీలిచ్చారు. బెన్ హిమెనెజ్ అనే టీచరు అప్పటికే ఆయన పక్కన నిలబడ్డాడు. కాలిక్యులస్ పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఆ బరువులో సగం హిమెనెజ్ మోశాడు. వార్తల్లో, సినిమాలో ఈ ఇద్దరి వాటా బాగా తగ్గిపోయింది. ఒక్క హీరో ఉంటే కథ చెప్పడం సులువు కదా.

ఇక తరగతి గదిలోకి వెళ్దాం. ఎస్కలాంటే పనితనం దగ్గరగా చూడాల్సింది అక్కడే.

గుమ్మం దగ్గరే పాఠం మొదలు. ఇంటిపనిలోంచి ఒక ప్రశ్నకు జవాబు చెబితేనే లోపలికి. దీన్నీ ఒక అధికారి తప్పుపట్టాడు. లోపలికి వెళ్తే ముందు చిన్న పరీక్ష, ఆ తర్వాతే కొత్త పాఠం. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ మాటలన్నీ తెచ్చి తప్పులకు, పద్ధతులకు పేర్లు పెట్టేవారు. ఒకే తప్పు పదిసార్లు చేసే పిల్లాడికి ఆ తప్పుకొక పేరుంటే, పదకొండోసారి పెన్ను ఆగుతుంది. పిల్లలూ తల్లిదండ్రులూ సంతకం చేసిన ఒప్పంద పత్రం ఉండేది. ఇంటిపని చేస్తాను, మానకుండా వస్తాను అని. రాకపోతే ఇంటికి ఫోన్ వెళ్లేది, ఫోన్ పనిచేయకపోతే మాస్టారే వచ్చేవారు.

1988లో వచ్చిన ‘స్టాండ్ అండ్ డెలివర్’ సినిమాలో ఆయన బోధన తీరు తెలిపే రెండు ముక్కలున్నాయి. రామోన్ మెనెండెజ్ తీసిన ఈ సినిమాలో ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ ఎస్కలాంటేగా నటించి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు. మొదటి ముక్కలో రుణ సంఖ్యలు చెబుతారు. సముద్రం ఒడ్డున ఎప్పుడైనా గొయ్యి తవ్వారా అని అడుగుతారు. బయటికొచ్చిన ఇసుక ధనం, మిగిలిన గొయ్యి రుణం. మైనస్ రెండుకు ప్లస్ రెండు కలిపితే ఏమవుతుంది? ఇసుక తిరిగి గోతిలో పడింది, నేల చదును. సున్నా. రౌడీలా వెనక బెంచీలో కూర్చున్న కుర్రాడి నోట ఆ జవాబు రప్పిస్తారు. గొయ్యికి ఉనికి ఉంది, అది ఊరికే ఖాళీ కాదు, ఇసుకకు లెక్క కట్టినట్టే దానికీ కట్టొచ్చు అన్న భావం చాలామందికి డిగ్రీలో కూడా కుదురుగా అర్థం కాదు.

రెండో ముక్క ఇంకా పైస్థాయిది. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్. ఎక్స్ స్క్వేర్‌ను సైన్ ఎక్స్‌తో గుణించగా వచ్చినదాన్ని ఇంటిగ్రేట్ చేయాలి. మామూలు సూత్రంతో వెళ్తే రెండుసార్లు అదే తంతు చేయాలి, మధ్యలో మైనస్ గుర్తు ఒకటి జారినా మొత్తం పోతుంది. బోర్డు మీద ఆయన రెండు నిలువు వరుసలు రాయిస్తారు. ఎడమన ఎక్స్ స్క్వేర్‌ను అవకలనం చేస్తూ కిందికి పోవాలి: ఎక్స్ స్క్వేర్, 2 ఎక్స్, 2, చివరికి సున్నా. కుడిన సైన్ ఎక్స్‌ను సమాకలనం చేస్తూ పోవాలి: సైన్ ఎక్స్, మైనస్ కాస్ ఎక్స్, మైనస్ సైన్ ఎక్స్, కాస్ ఎక్స్. ఇప్పుడు ఎడమ వరుసలో ఒక్కోదాన్ని కుడివైపు ఒక మెట్టు కిందున్న దానితో ఐమూలగా గుణించి, ముందు ప్లస్, తర్వాత మైనస్, మళ్లీ ప్లస్ అని గుర్తులు మార్చుకుంటూ వస్తే చాలు. మైనస్ ఎక్స్ స్క్వేర్ కాస్ ఎక్స్, ప్లస్ 2 ఎక్స్ సైన్ ఎక్స్, ప్లస్ 2 కాస్ ఎక్స్, చివర ఒక స్థిరాంకం. అయిపోయింది. టిక్-టాక్-టో ఆటలా ఉందంటారు సినిమాలో మాస్టారు.

ఇలాంటివి చూసి ఇది కిటుకు నేర్పడం, గణితం నేర్పడం కాదు అని పెదవి విరిచేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ పట్టికలో సూత్రం మొత్తం ఉంది, ఒక్క అక్షరం తగ్గలేదు. తగ్గింది రాత, తప్పు జరిగే చోట్లు. ఎడమ వరుస సున్నాకు చేరితేనే ఇది ఇంత హాయిగా ముగుస్తుందని, ఎక్స్ స్క్వేర్ బదులు ఈ టు ద పవర్ ఎక్స్ ఉంటే ముగియదని పిల్లవాడికి చెప్పినంతకాలం ఇది చక్కని పద్దు పద్ధతి. చెప్పకపోతే మాత్రం కిటుకే. మన కోచింగ్ సెంటర్లలో షార్ట్‌కట్ల పుస్తకాలు చూసినవాళ్లకు ఈ రెంటికీ మధ్య దూరం ఎంతో తెలుసు.

కాలిక్యులస్ పరీక్షల్లో తరచూ కనిపించే రకం లెక్క ఒకటి తీసుకుందాం. పైన మూత లేని దీర్ఘచతురస్రాకారపు తొట్టి. వెడల్పు 4 మీటర్లు, పట్టేది 36 ఘనపు మీటర్లు. అడుగుకు చదరపు మీటరుకు 10 డాలర్లు, గోడలకు 5 డాలర్లు ఖర్చు. అతి తక్కువలో ఎంతకు కట్టవచ్చు? ముందు నాలుగు గోడలూ ఒక అడుగూ అని తట్టాలి, మూత లేదని మరవకూడదు. అది జామెట్రీ. పొడవును ఎత్తుతో గుణిస్తే 9 అని పట్టుకుని, ఎత్తు స్థానంలో 9 బై పొడవు అని వేయాలి. అది ఆల్జీబ్రా. ఖర్చు ఏమవుతుందంటే పొడవుకు 40 రెట్లు, దానికి 90, ఆపైన 360 బై పొడవు కలపాలి. ఇప్పుడు అవకలనం చేసి సున్నాకు సమానం చేయాలి. కాలిక్యులస్ అంటే ఆ ఒక్క వరుసే. తర్వాత పొడవు వర్గం 9, పొడవు 3, ఎత్తు 3, ఖర్చు 330 డాలర్లు. మళ్లీ ఆల్జీబ్రా.

అంటే కాలిక్యులస్ లెక్కలో కాలిక్యులస్ వాటా పావు వంతైనా లేదు. ఈ లెక్క దగ్గర పడిపోయే పిల్లల్లో ఎక్కువమంది పడేది అవకలనం దగ్గర కాదు, గోడలు లెక్కపెట్టేటప్పుడో, భిన్నం తిప్పేటప్పుడో. పన్నెండో తరగతిలో ఎంత గొప్ప మాస్టారు వచ్చినా అప్పటికప్పుడు ఆ కంతలు పూడ్చలేడు. ఎస్కలాంటే ఈ సంగతి మొదట్లోనే గ్రహించారు గనుకే కింది బళ్ల దాకా వెళ్లారు. ఆయన గదిలోని ఆర్భాటం కన్నా ఈ చూపే నాకు ఎక్కువ ఇష్టం.

1982 గొడవ చాలామందికి తెలిసిందే గనుక త్వరగా దాటేస్తాను. పాసైన 18 మందిలో 14 మంది కాగితాల మీద పరీక్ష నడిపే ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌కు అనుమానం వచ్చింది. ఆరో ప్రశ్నలో ఒకే తప్పు, ఒకే అరుదైన అక్షరాలు వాడటం. మళ్లీ రాయండి లేదా మార్కులు రద్దు అన్నారు. పేట భగ్గుమంది. పన్నెండుమంది వేసవిలో మళ్లీ రాశారు, అందరూ పాసయ్యారు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర కాగితం చేతులు మారిందా అన్న వాదన తర్వాతా చాలాకాలం నడిచింది. అది ఎలా తేలినా, సెలవుల మధ్యలో పిలిచి, కొత్త పేపరు చేతికిచ్చి, కాపలా మధ్య కూర్చోబెట్టినా పన్నెండుకు పన్నెండుమందీ గట్టెక్కడం మాత్రం మార్చలేని సంగతి. నాలుగేళ్లు వేసిన పునాది ఉంటే గానీ ఆ పని జరగదు.

సినిమా చేసిన అన్యాయం ఇక్కడే ఉంది. భిన్నాలు రాని పిల్లలు ఒకటి రెండేళ్లలో కాలిక్యులస్ ముగించినట్టు చూపించింది. తొంభై శాతం నిజం, పది శాతం నాటకం అని ఎస్కలాంటే అనేవారు. ఆ పది శాతంలోనే అసలు పనితనం పోయింది. జూనియర్ హైస్కూళ్లు లేవు, గ్రదియాస్ లేడు. సినిమా చూసిన అధికారి ఎవరైనా, మంచి గుండె ఉన్న మాస్టారిని వేస్తే చాలు, బడ్జెట్ అక్కర్లేదు అనుకుంటాడు. చాలామంది అలాగే అనుకున్నారు కూడా.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన తరగతికి ప్రవేశ పరీక్ష లేదు. తెలివైనవాళ్లు అంటూ ముందే ఏరి వేరే గదిలో కూర్చోబెట్టే పద్ధతి ఆయనకు గిట్టేది కాదు. కష్టపడతానన్నవాడు ఎవడైనా రావచ్చు. ‘వాషింగ్టన్ పోస్ట్’ విలేఖరి జే మాథ్యూస్ గార్ఫీల్డ్‌లో ఇది దగ్గరుండి చూసి, 1988లో ఎస్కలాంటే మీద పుస్తకం రాశాడు. తర్వాత 1998లో అమెరికా హైస్కూళ్లకు ‘ఛాలెంజ్ ఇండెక్స్’ అనే కొలబద్ద తయారుచేశాడు. ఒక బడిలో రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల సంఖ్యను ఆ ఏడు బయటికెళ్లే పిల్లల సంఖ్యతో భాగించడమే. మార్కులు చూడదు, ఎంతమందిని పరీక్ష దాకా తెచ్చారో చూస్తుంది. పాసయ్యేవాళ్లనే రాయించి నూరు శాతం అని గోడల మీద రంగులేసే మన జూనియర్ కాలేజీలకు ఈ లెక్క అస్సలు నచ్చదు. అయితే దీనికీ లోపముంది. మెట్లు కట్టకుండా అందరినీ పరీక్షకు కూర్చోబెట్టినా అంకె పెరుగుతుంది.

ఎస్కలాంటేను దేవుణ్ని చేయనక్కర్లేదు. ఆయన నోటికి భయపడేవాళ్లు చాలామంది. పిల్లలకు వంకర పేర్లు పెట్టేవారు, ఎగతాళి చేసేవారు, బెదిరించేవారు. బ్యాండు, ఆటలు, సాయంత్రం ఉద్యోగాలు అన్నీ లెక్కల తర్వాతే అనేవారు. పేద ఇంట్లో ఆ సాయంత్రం ఉద్యోగం డబ్బు లేకపోతే ఎలా గడుస్తుందన్నది వేరే ప్రశ్న, దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆయన తరగతుల్లో యాభై మందికి పైగా ఉండేవారు, టీచర్ల సంఘం ఒప్పందం ప్రకారం 35 దాటకూడదు. సంఘం అభ్యంతరం చెప్పింది. ఇందులో సంఘానిదే తప్పని తేల్చేయడం తేలిక. కానీ ఒకరు యాభైమందికి చెప్పగలిగితే రేపు అందరి నెత్తినా యాభైమందిని వేస్తారు. ఆ భయం ఉత్తిది కాదు. స్పానిష్ మాతృభాషగా ఉన్న పిల్లలకు మొదట ఆ భాషలోనే పాఠాలు చెప్పే పద్ధతిని ఎత్తేయాలని 1998లో కాలిఫోర్నియాలో జరిగిన ఓటింగు ప్రచారానికి ఆయన గౌరవాధ్యక్షుడు. దాన్ని ఆ పేటలోనే చాలామంది క్షమించలేదు.

1987లో గ్రదియాస్ డాక్టరేట్ కోసం సెలవు పెట్టి వెళ్లారు. తిరిగి వచ్చాక ఆయన్ను గార్ఫీల్డ్‌కు పంపలేదు. బడి భవనాల్లో ఆస్బెస్టాస్ తొలగింపును పర్యవేక్షించే పని ఇచ్చారు. పైకి చూస్తే ఏమీ మారనట్టే ఉంది. 1990లో ఎస్కలాంటే లెక్కల కార్యక్రమంలో ఆల్జీబ్రా మొదలు కాలిక్యులస్ దాకా 400 మందికి పైగా ఉన్నారు. అదే ఏడు తోటి టీచర్లు ఓటేసి ఆయన్ను విభాగాధిపతి పదవి నుంచి దింపేశారు. 1991లో ఆయన బడి వదిలి శాక్రమెంటోలోని హైరమ్ జాన్సన్ హైస్కూలుకు వెళ్లిపోయారు. హిమెనెజ్ కూడా వెళ్లిపోయాడు. పగ్గాలు అందుకున్న టీచరు గదిలో రద్దీ తగ్గించడానికి ఇంకో కాలిక్యులస్ తరగతి అడిగితే దొరకలేదు, ఆయనా వేరే బడి చూసుకున్నాడు. 1996లో గార్ఫీల్డ్ నుంచి కాలిక్యులస్ ఏబీ పాసైనవాళ్లు ఏడుగురు, బీసీలో నలుగురు.

శాక్రమెంటో బడి కూడా పేద పిల్లలదే. మాస్టారు ఆయనే, పట్టికలూ గోతులూ అవే, పొద్దున్నే రావడం పొద్దుపోయాక వెళ్లడం అదే. చుట్టూ ఏళ్లతరబడి కట్టిన కింది బళ్లు, పక్కనే వేసవి కాలేజీ, గ్రదియాస్‌లాంటి ప్రిన్సిపాల్ మాత్రం అక్కడ లేరు. ఎస్కలాంటే అక్కడ కూడా కాలిక్యులస్ పాసయ్యే పిల్లల్ని తయారుచేశారు గానీ, గార్ఫీల్డ్ సంఖ్య మళ్లీ ఎన్నడూ రాలేదు.